టెంపరేచర్ 'హాట్' కాదు, 'హై'

సంపాదకులకు,

ఎండకాలం వచ్చిందంటే మీ జిల్లా పేజీలో మండలాలవారీగా ఉష్ణోగ్రతల పట్టిక వేస్తున్నారు. అదే పత్రిక విద్యా పేజీలో వారానికోసారి ఇంగ్లీషు నేర్పే శీర్షిక వస్తున్నది. ఈ రెండింటికీ ఇంతవరకు పరిచయం కాలేదు. నల్లగొండ నుంచి పాలమూరు దాకా శివరాత్రి దాటితే ఎవరి నోట విన్నా ఎండ ముచ్చటే. దాన్నే ఇంగ్లీషులో చెప్పమంటే డిగ్రీ చదివినవాళ్లు కూడా 'టుడే టెంపరేచర్ ఈజ్ వెరీ హాట్' అంటారు. శీర్షికలో వచ్చేదేమో పదాల జాబితా: హాట్, వార్మ్, స్కార్చింగ్, చిల్లీ, ఫ్రీజింగ్, ఎదురుగా తెలుగు అర్థాలు. పదం వస్తుంది గానీ అది ఏ పదం పక్కన ఇముడుతుందో, దేని పక్కన ఇమడదో రాదు. ఇంటర్వ్యూలోనైనా, విదేశీ చదువులకు పోయేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లీషు పరీక్షలోనైనా మార్కులు పోయేది అక్కడే. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇంగ్లీషు చెప్పే కొందరం కలిసి రాస్తున్న లేఖ ఇది.

టెంపరేచర్ అంటే థర్మామీటర్ చూపించే అంకె. అంకె కాలదు, చల్లబడదు, పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకే 'హై టెంపరేచర్', 'లో టెంపరేచర్'. కాలేవి గాలి, నేల, నీళ్లు, చాయ. వాటికి 'హాట్'. ఎండ సంగతి చెప్పాలంటే 'ఇట్ ఈజ్ వెరీ హాట్ టుడే' అంటే చాలు, టెంపరేచర్ మాటే అక్కర్లేదు. తెలుగులో ఈ తప్పు ఎవరూ చేయరు. 'ఉష్ణోగ్రత ఎక్కువగా ఉంది' అంటాం గానీ 'ఉష్ణోగ్రత వేడిగా ఉంది' అనం. చిక్కంతా ఎండకు బదులు 'టెంపరేచర్' అనే మాట వాడుకోవడంతో వచ్చింది. 'ఇయ్యాల టెంపరేచర్ మస్తుగున్నది' అన్నప్పుడు మనసులో ఉండేది నెత్తి మాడుస్తున్న ఎండ. ఆ ఎండను అట్లాగే ఇంగ్లీషులోకి మోసుకుపోతే వెంట 'హాట్' కూడా పోతుంది. అమెరికా వార్తల్లో 'హాట్ టెంపరేచర్స్' అని అప్పుడప్పుడు వినబడే మాట నిజమే, కానీ పరీక్ష రాసేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. 'మోర్ టెంపరేచర్', 'హెవీ టెంపరేచర్', 'ఫుల్ టెంపరేచర్' మాత్రం ఏ దేశంలోనూ చెల్లవు.

'హీట్' అనే మాటకు తోడు వేరు: 'ఇంటెన్స్ హీట్', 'స్కార్చింగ్ హీట్', 'అన్‌బేరబుల్ హీట్'. 'హెవీ' వానకూ ట్రాఫిక్‌కూ పోతుంది, ఎండకు పోదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ 'డ్రై హీట్'. మృగశిర ముంగట మబ్బు పట్టి, గాలి ఆడక, అంగీ వీపుకు అతుక్కునే రోజును 'సల్ట్రీ డే' అనో 'హ్యూమిడ్ వెదర్' అనో అనాలి. హ్యుమిడిటీ, అంటే గాలిలో తేమ, కూడా అంకే కాబట్టి దానికీ 'హై' నే. 'వెరీ' సంగతి ఒకటుంది. 'వెరీ హాట్', 'వెరీ కోల్డ్' సరే. 'బాయిలింగ్', 'ఫ్రీజింగ్' మాటల్లో మాత్రం 'చాలా' అన్న అర్థం ముందే ఉంది, వాటి ముందు 'వెరీ' పెట్టకూడదు. పెట్టాలనిపిస్తే 'అబ్సొల్యూట్లీ ఫ్రీజింగ్'. ఎండాచలీ మాటల్లో 'బిటర్లీ' అనేది చలికి మాత్రమే: 'బిటర్లీ కోల్డ్' ఉంది, 'బిటర్లీ హాట్' లేదు.

క్రియల దగ్గర ఇంకో తిరకాసు. టెంపరేచర్ పెరిగితే 'రైజ్', 'క్లైంబ్'. ఒక్కసారిగా ఎగబాకితే 'సోర్'. తగ్గితే 'ఫాల్', 'డ్రాప్'. కొంచెమే దిగితే 'డిప్', దబ్బున పడితే 'ప్లంజ్'. 'ఇంక్రీజ్', 'డిక్రీజ్' తప్పు కాదు, కాకపోతే మన పిల్లల దగ్గర ఆ రెండు నాణేలే ఉంటాయి. 'రైజ్' అంటే తనంతట తాను పెరగడం, 'రేజ్' అంటే ఇంకొకటి పెంచడం. 'ద టెంపరేచర్ రోజ్', కానీ 'ద హీటర్ రేజ్డ్ ద టెంపరేచర్'. 'ద టెంపరేచర్ వాజ్ రైజ్డ్' అని రాసేవాళ్లు రెండింటినీ ముడేసినట్టే.

అసలు దెబ్బ 'టు', 'బై' దగ్గర పడుతుంది. 'డ్రాప్డ్ టు 12 డిగ్రీస్' అంటే 12కు దిగింది. 'డ్రాప్డ్ బై 12 డిగ్రీస్' అంటే అంతకుముందు ఉన్నదానిలోంచి 12 పోయింది. తెలుగులో ఈ పనంతా ఒక్క 'కు' చేస్తుంది. చలికాలం వార్తల హెడ్డింగుల్లో జాగా చాలక ఆ 'కు' కాస్తా ఎగిరిపోతే '12 డిగ్రీలు తగ్గిన ఉష్ణోగ్రత' అని అచ్చవుతుంది. ఆ లెక్కన నిన్న 14 ఉంటే ఇయ్యాల 2 అన్నమాట! సంగతి తెలిసిన పాఠకుడు సర్దుకుంటాడు, దాన్ని ఇంగ్లీషులోకి మార్చే పిల్లవాడు 'బై' రాసి మార్కు పోగొట్టుకుంటాడు. పెరుగుదల, తగ్గుదల అని చెప్పేటప్పుడు 'ఇన్' రావాలి: 'ఎ రైజ్ ఇన్ టెంపరేచర్', 'ఎ డ్రాప్ ఇన్ టెంపరేచర్'. ఎంత అని చెప్పాలంటే 'ఆఫ్': 'ఎ డ్రాప్ ఆఫ్ ఫైవ్ డిగ్రీస్'. ఫలానా ఉష్ణోగ్రత దగ్గర అనాలంటే 'ఎట్': 'వాటర్ బాయిల్స్ ఎట్ 100 డిగ్రీస్'. ఎండలో పని చేస్తున్నారనాలంటే మళ్లీ 'ఇన్': 'దే వర్క్ ఇన్ 43-డిగ్రీ హీట్'.

ఆ చివరి వాక్యంలో డిగ్రీ ఏకవచనం, గమనించండి. అంకె, డిగ్రీ కలిసి ఇంకో నామవాచకం ముందు విశేషణంగా నిలబడితే బహువచనం రాదు. మిగతా చోట్ల ఒకటికి తప్ప అన్నిటికీ 'డిగ్రీస్': 'జీరో డిగ్రీస్', 'మైనస్ ఫైవ్ డిగ్రీస్', 'పాయింట్ ఫైవ్ డిగ్రీస్'. 'ఫార్టీ డిగ్రీ' అని వదిలేయడం తెలుగు అలవాటు. '40 డిగ్రీ ఎండ' అన్నా మనకు చెవికి అడ్డం రాదు మరి. సైన్సు విద్యార్థులకు ఇంకో మాట. కెల్విన్‌కు డిగ్రీ గుర్తు 1967లోనే తీసేశారు, కాబట్టి '300 కెల్విన్' అంటే చాలు. 'సెంటిగ్రేడ్' పేరు కూడా 1948లో 'సెల్సియస్' అయింది. మాటల్లో వాడితే ఎవరూ తప్పుపట్టరు, జవాబు పత్రంలో మాత్రం సెల్సియస్ రాయాలి.

ఎండను సెల్సియస్‌లో, జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో చూడటం మనకు అలవాటు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చడం అందరికీ వచ్చు: 1.8తో గుణించి 32 కలపాలి, 40 కాస్తా 104 అవుతుంది. తేడాను మార్చేటప్పుడు మాత్రం ఆ 32 కలపకూడదు. 'టూ డిగ్రీస్ అబౌ నార్మల్' అంటే ఫారెన్‌హీట్‌లో 3.6 డిగ్రీలు ఎక్కువ. 32 కూడా కలిపేస్తే 35.6 ఎక్కువని తేలుతుంది, ఆ ఎండకు మనిషన్నవాడు బతకడు. 32 అనేది కొలబద్ద మొదలయ్యే చోటుకు చెందిన లెక్క. ఒక అంకెలోంచి ఇంకో అంకె తీసేసినప్పుడు అది రెండు వైపులా కొట్టుకుపోతుంది.

'అబౌ నార్మల్', 'బిలో నార్మల్' మాటలు వాతావరణ శాఖ బులెటిన్లలో రోజూ వస్తాయి. అక్కడ నార్మల్ అంటే ఆ ఊరికి, ఆ రోజుల్లో, 30 ఏళ్ల సగటు. 'మామూలుగా' అని అనువదిస్తే సగం అర్థం పోతుంది. 'హీట్ వేవ్' సంగతీ అంతే. మనం వడగాడ్పు అని రాస్తాం. వడగాడ్పు ముఖానికి తగిలే గాలి; హీట్ వేవ్‌కు లెక్క ఉంది. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, నార్మల్ కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే హీట్ వేవ్. 6.4 దాటితే 'సివియర్ హీట్ వేవ్'. నార్మల్‌తో పని లేకుండా 45 తాకినా హీట్ వేవే, 47 తాకితే సివియర్. అందులోనూ ఒక వాతావరణ ఉపవిభాగంలో (తెలంగాణ అంతా కలిపి ఒకటి) కనీసం రెండు కేంద్రాల్లో, వరసగా రెండు రోజులు అట్లా ఉంటేనే ప్రకటిస్తారు. కాబట్టి ఒక్క మండలంలో ఒక్క పూట 44 వచ్చిందని 'జిల్లాలో హీట్ వేవ్' అనడం తొందరపాటు. బులెటిన్‌లో వచ్చే 'ఐసొలేటెడ్ పాకెట్స్' అంటే అక్కడక్కడా అని. 'వెరీ లైక్లీ' అంటే చాలావరకు రావచ్చు అని, తప్పకుండా వస్తుందని కాదు.

ఇంకొకటి. బులెటిన్‌లో వచ్చే ఆ అంకె నీడలోది. గాలి ఆడే తెల్లటి చెక్క పెట్టెలో, నేలకు సుమారు నాలుగు అడుగుల ఎత్తున థర్మామీటర్ పెట్టి చూస్తారు. అందుకే 'ఫార్టీ ఫోర్ ఇన్ ద షేడ్' అనే మాట పుట్టింది. తారు రోడ్డు మీద, కారు అద్దం వెనక చూసిన అంకె 'ఇన్ ద సన్', దానికి బులెటిన్‌తో పోలిక లేదు. సెల్‌ఫోన్‌లో 'ఫీల్స్ లైక్' అని వచ్చేది మూడోది: గాలిలో తేమ కూడా కలిపి ఒంటికి ఎంత అనిపిస్తుందో వేసిన లెక్క. 'ఇట్ ఈజ్ 41, బట్ ఇట్ ఫీల్స్ లైక్ 45' అని రెండూ విడివిడిగా చెప్పాలి. 45నే ఉష్ణోగ్రతగా ఊరంతా పంచిపెడుతున్నారు.

జ్వరం విషయంలో మాట తప్పితే మార్కుతో పోదు. 'పెయ్యి కాలుతున్నది' అన్న మన మాటను 'మై బాడీ ఈజ్ బర్నింగ్' అంటే, తెలుగు రాని డాక్టరు ఒంట్లో మంటలు అనుకుంటాడు. అది వేరే లక్షణం, దానికి వేరే ప్రశ్నలు. 'ఐ హావ్ ఎ ఫీవర్' అనాలి, లేదంటే 'ఐ హావ్ ఎ టెంపరేచర్', 'మై సన్ ఈజ్ రన్నింగ్ ఎ టెంపరేచర్'. టెంపరేచర్ ప్రతి ఒంటికీ ఉంటుంది కదా అనిపించవచ్చు. ఆ 'ఎ' పెట్టి చెప్పినప్పుడు అది మామూలు కంటే ఎక్కువ అని అర్థం. 'ఫీవర్ కేమ్ టు మీ' తెలుగు వాక్యానికి ఇంగ్లీషు అంగీ తొడగడమే. తీవ్రతకు 'హై ఫీవర్', 'మైల్డ్ ఫీవర్', 'స్లైట్ టెంపరేచర్'. 'హెవీ ఫీవర్', 'ఫుల్ ఫీవర్' వద్దు. '102 ఫీవర్ ఉంది' అనాలంటే 'ఎ టెంపరేచర్ ఆఫ్ 102'. థర్మామీటర్ పెట్టి చూడటం 'టేక్ హిజ్ టెంపరేచర్' లేదా 'చెక్ హిజ్ టెంపరేచర్' అవుతుంది, 'సీ' మాత్రం కాదు. మాత్ర వేస్తే 'ద టాబ్లెట్ బ్రాట్ డౌన్ ద ఫీవర్'. దానంతటది తగ్గితే 'ద ఫీవర్ హాజ్ కమ్ డౌన్'. 'ఫీవర్ రెడ్యూస్డ్' అని వదిలేస్తారు మనవాళ్లు. 'రెడ్యూస్'కు తగ్గించేది ఒకటి ముందు ఉండాలి, మాత్రో తడిబట్టో. లెక్క కూడా గుర్తుంచుకోవాలి: ఒంటి ఉష్ణోగ్రత సుమారు 98.6 ఫారెన్‌హీట్, అంటే 37 సెల్సియస్. 100.4 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటితే జ్వరంగా లెక్కిస్తారు.

వడదెబ్బను చాలామంది 'స్ట్రోక్ ఇన్ సన్' అనీ, ఒట్టి 'స్ట్రోక్' అనీ చెబుతుంటారు. ఒట్టి స్ట్రోక్ అంటే పక్షవాతం. 108కు ఫోన్ చేసి పేషెంటుకు స్ట్రోక్ వచ్చిందంటే అవతలివాళ్లు మెదడు గురించి అడుగుతారు. 'హీట్‌స్ట్రోక్' లేదా 'సన్‌స్ట్రోక్' అని పూర్తిగా అనాలి: 'హి హాజ్ హీట్‌స్ట్రోక్', 'షి కొలాప్స్‌డ్ ఫ్రమ్ హీట్‌స్ట్రోక్'. 'సన్‌స్ట్రోక్ అటాక్డ్ హిమ్' అనరు. దీనికి ముందు మెట్టు 'హీట్ ఎగ్జాస్చన్': విపరీతమైన చెమట, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 40 సెల్సియస్, అంటే 104 దాటి, మనిషి తికమకగా మాట్లాడటమో స్పృహ తప్పడమో జరిగితే అది హీట్‌స్ట్రోక్. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా నీడకు చేర్చి, ఒళ్లు తడిపి గాలి తగలనియ్యాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

మామిడిపండ్లు తిని 'వేడి చేసింది' అనే మాటకు మాత్రం ఇంగ్లీషులో జోడీ లేదు. 'ఐ గాట్ హీట్' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. నోట్లో పుండ్లా, మూత్రంలో మంటా, సెగ్గడ్డలా, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే దారి.

చలి వైపు నాలుగు వాక్యాలు పక్కపక్కన పెడితే సరిపోతుంది. 'ఇట్ ఈజ్ కోల్డ్' అంటే బయట చలిగా ఉంది. 'ఐ యామ్ కోల్డ్' అంటే నాకు సలి పెడుతున్నది. 'ఐ హావ్ ఎ కోల్డ్' అంటే సర్దయింది. 'ఐ కాట్ ఎ కోల్డ్' అంటే సర్ది పట్టుకుంది. మూడో వాక్యంలోంచి 'ఎ' తీసేసి 'ఐ హావ్ కోల్డ్' అనడం ఊరూరా ఉంది.

హోటల్ బోర్డు మీద 'హాట్ హాట్ ఇడ్లీ' కనిపిస్తే నవ్వుకోవాల్సిన పని లేదు, 'వేడివేడి' అన్న జంట మాట తెలుగు సొగసు. ఇంగ్లీషులో మాత్రం ఆ పని 'పైపింగ్ హాట్' చేస్తుంది: 'పైపింగ్ హాట్ ఇడ్లీస్'. ఇది తిండికీ చాయకూ మాత్రమే, ఎండకు వాడరు. మూతి కాలే చాయ 'స్కాల్డింగ్ హాట్', ఎర్రగా కాలిన ఇనుము 'రెడ్ హాట్', గోరువెచ్చని నీళ్లు 'లూక్‌వార్మ్ వాటర్', చల్లారిపోయి పనికిరాకుండా పోయిన చాయ 'స్టోన్ కోల్డ్'. దుకాణంలో అడిగే 'కూలింగ్ వాటర్' ఉంది చూశారా, అది 'కోల్డ్ వాటర్' లేదా 'చిల్డ్ వాటర్' కావాలి. దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ ప్లాంటుకు కావాల్సింది నిజంగానే 'కూలింగ్ వాటర్': యంత్రాల వేడిని లాక్కుని కూలింగ్ టవర్లకు పోయే నీళ్లు. అవి తాగడానికి ఇవ్వరు.

ఏసీకి 'సెట్' అనే క్రియ కుదురుతుంది: 'సెట్ ద ఏసీ టు 24 డిగ్రీస్'. 'పుట్ ఏసీ ఇన్ 18' అంటే నడవదు. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలయ్యేలా రావాలని నిబంధన ఉంది, ఉదాహరణకు ఆ అంకె ఎంచుకున్నది అందుకే. 'టర్న్ డౌన్ ద ఏసీ' అన్నప్పుడు జాగ్రత్త: చల్లదనం తగ్గించమనా, అంకె తగ్గించమనా అని ఇంగ్లీషువాళ్లూ తడబడతారు. అంకె చెప్పేయడమే నయం. మందుల డబ్బా మీది మాటలు ఇంకా ముఖ్యం. 'స్టోర్ బిలో 25 డిగ్రీస్' అంటే అంతకు మించనివ్వొద్దని. మే నెలలో రేకుల ఇంట్లో అల్మారా ఆ పనికి సరిపోదు. 'స్టోర్ బిట్వీన్ 2 అండ్ 8 డిగ్రీస్, డు నాట్ ఫ్రీజ్' అని ఇన్సులిన్ మీద ఉంటే ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి. మంచు కట్టే పై అరలో పెడితే గడ్డకడుతుంది, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా వాడకూడదు.

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్ష రాసేవాళ్లకు రేఖాచిత్రం లాంటిది ఇచ్చి వర్ణించమంటారు. జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక ఊరి ఉష్ణోగ్రతల గీత వస్తే ఈ జోడీలు పనికొస్తాయి: మెల్లగా ఎక్కితే 'రోజ్ స్టెడిలీ', ఒక్కసారిగా ఎక్కితే 'రోజ్ షార్ప్లీ', కొస అందుకుంటే 'పీక్డ్ ఎట్ 42 డిగ్రీస్ ఇన్ మే', కదలకుండా ఉంటే 'రిమెయిన్డ్ స్టెడీ ఎట్', ఎగుడుదిగుడుగా ఉంటే 'ఫ్లక్చుయేటెడ్ బిట్వీన్ 28 అండ్ 32'. 'బిట్వీన్' తరవాత 'అండ్', 'ఫ్రమ్' తరవాత 'టు'. 'బిట్వీన్ 28 టు 32' అనే కలగాపులగం మంచి మార్కులు వచ్చేవాళ్లూ రాస్తారు.

మనుషుల మధ్య వేడికి ఇంగ్లీషు వేరే మాట పెట్టుకుంది: జడ్పీ సమావేశంలో జరిగేది 'హీటెడ్ ఆర్గ్యుమెంట్', 'హాట్ ఆర్గ్యుమెంట్' కాదు. స్వాగతం 'వార్మ్ వెల్‌కమ్', స్పందన చప్పగా ఉంటే 'లూక్‌వార్మ్ రెస్పాన్స్'.

మా మనవి ఇంతే. విద్యా పేజీ శీర్షికలో పదం పక్కన అర్థం వేసే చోట, ఆ పదానికి కుదిరే రెండు తోడు మాటలు, కుదరని ఒకటి వేయండి. మార్చి నుంచి జూన్ దాకా జిల్లా పేజీలోని ఉష్ణోగ్రతల పట్టిక కిందనే మూడు ఇంగ్లీషు వాక్యాలు ఆ రోజు అంకెలతో అచ్చువేయండి: ఒకటి 'టు'తో, ఒకటి 'బై'తో, ఒకటి 'అబౌ నార్మల్'తో. నిన్నటి అంకె, ఇయ్యాలటి అంకె, ఆ ఊరి నార్మల్ మూడూ పట్టికలో ఉంటే పిల్లలు బడిలో తామే వాక్యాలు కట్టుకుంటారు. ప్రస్తుతం నార్మల్ గడి మీ పట్టికలో లేదు.

ఇట్లు,
కొందరు ఇంగ్లీషు ఉపాధ్యాయులు,
నల్లగొండ